ఎనిమిది మోతల అలారం

మా ఆయన ఊళ్ళో మొదటి బస్సు నడుపుతారు. తెల్లవారుజామున అయిదింటికి డిపోలోంచి బయటికొచ్చే బస్సు. అంతకంటే ముందే, నాలుగూ నలభై అయిదు కల్లా, డిపో రిజిస్టరులో సంతకం పడాలి. ఇలాంటి ఉద్యోగానికి దేవుడు ఏరికోరి ఎలాంటి మనిషిని పంపించాడయ్యా అంటే, అలారం ఒకసారి మోగితే లేవని మనిషిని.

మా ఇంట్లో అలారం మూడున్నరకి మొదలవుతుంది. మోగగానే దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొస్తుంది, తడుముకుంటూ ఫోను మీద 'ఇంకో అయిదు నిమిషాలు' అనే బటన్ నొక్కుతుంది, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. అయిదు నిమిషాలకి మళ్ళీ మోత, మళ్ళీ చెయ్యి. అలా ఏడుసార్లు నొక్కి, ఎనిమిదో మోతకి, అంటే నాలుగూ అయిదుకి, లోకాన్ని ఉద్ధరించడానికి బయల్దేరుతున్నట్టు నిట్టూర్చి లేచి కూర్చుంటారు. "ఆ నాలుగూ అయిదుకే పెట్టుకుని ఏడవచ్చు కదండీ" అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. "అప్పుడా ఏడు కునుకులూ ఎక్కణ్ణించి వస్తాయే పిచ్చిదానా? అసలు నిద్రంటే అవే" అంటారు. తొమ్మిదేళ్ళు భరించాను. నా ఆఫీసు పదింటికి. ఈ ఎనిమిది మోతలతో నాకేం సంబంధం చెప్పండి? మొదటి రెండేళ్ళు ప్రతి మోతకీ ఉలిక్కిపడి లేచేదాన్ని. తర్వాత చెవులే మొద్దుబారిపోయాయి. పక్కన పిడుగు పడ్డా లేవను, కానీ పొద్దున్నే తలనొప్పి మాత్రం తప్పదు.

తమాషా ఏమిటంటే, ఆ అలారం యాప్ మా కంపెనీదే. పేరు 'తొలికూత'. అందులో కస్టమర్ కేర్‌లో నా ఉద్యోగం. జనం పంపే తిట్లన్నీ చదవడం, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబు రాయడం. ఆ వాక్యం రోజుకి నూటయాభైసార్లు రాస్తాను. ఇంట్లో కూర మాడినా అదే అనేస్తుంటాను.

ఆ సంవత్సరం మా ఆయన రెండుసార్లు ఆలస్యమయ్యారు. ఒకసారి ఫోను మంచం కిందికి జారిపోయింది. రెండోసారి మత్తులో పన్నెండో కునుకు కూడా తీసేశారు. డిపో కంట్రోలరు పిలిచి, "అన్నా, నువ్వు మంచోడివే, కానీ మూడోసారి లేటైతే మొదటి బస్సు తీసేసి షెడ్డులో బస్సులు కడిగే డ్యూటీ వేస్తాను. నా చేతుల్లో లేదిక" అని తెగేసి చెప్పాడు. ఆ రోజు మా ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆయనకి ఆ బస్సంటే ప్రాణం. ఊరు నిద్ర లేవకముందు ఖాళీ రోడ్డు మీద బస్సు నడుపుతుంటే రోడ్డంతా నాదే అనిపిస్తుందే అని ఎన్నిసార్లు చెప్పారో.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో మీటింగు పెట్టారు. మా టీమ్ లీడరు తెల్లగోడ మీద బొమ్మలు చూపిస్తూ, "మన యాప్‌లో జనం ఎక్కువగా వాడేది ఏదని చూశాం. కునుకు బటన్. వచ్చే సోమవారం నుంచి అది చందా కట్టినవాళ్ళకే. మొదటి మోత మాత్రం ఎప్పటిలాగే ఫ్రీ" అన్నాడు. ఇన్నేళ్ళు ఊరికే చేతికిచ్చినదాన్ని ఒక్కసారిగా లాక్కుంటే జనం ఊరుకుంటారా? తిట్లు తినబోయేది మేము, ఆ లీడరు కాదు. ఎవరూ బయట చెప్పకూడదని సంతకాలు తీసుకున్నారు. మా బాధ చూసి కాబోలు, ఉద్యోగులకి తలా ఒక పసుపుపచ్చ కార్డు ఇచ్చారు. దాని మీదున్న నంబరు ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో కొడితే, ఒక్క ఫోనుకి, జీవితాంతం కునుకు ఫ్రీ.

ఆ కార్డు తీసుకొచ్చి మా ఆయనకివ్వాలా వద్దా? ఇవ్వలేదు. అవును, ఇవ్వలేదు. ముందే చెప్పేస్తున్నాను, నేనేమంత మంచిదాన్ని కాదు. తొమ్మిదేళ్ళ తలనొప్పి నాది. ఒకే మోత మోగే ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనిపించింది. గతి లేకపోతే ఆయనే లేస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కార్డు తీసుకెళ్ళి మంచం పక్కనున్న సొరుగులో, అయిపోయిన బ్యాటరీలు, పాత కళ్ళజోళ్ళు, తాళాలు లేని తాళంచెవుల అడుగున తోసేశాను. ఆ సొరుగు ఎవరూ తెరవరు.

ఇంకో యాప్ పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. పెళ్ళాం కంపెనీ యాప్ తీసేసి వేరే కంపెనీది పెట్టుకునే ధైర్యం మా ఆయనకి లేదు. పైగా తొలికూత మోత తప్ప ఇంకేదీ ఆయన చెవికెక్కదు.

సోమవారం మూడున్నరకి మోత మోగింది. నేను ఆ రోజు కావాలనే ముందే మేలుకుని, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. చెయ్యి బయటికొచ్చింది. నొక్కింది. మోత ఆగలేదు. మళ్ళీ నొక్కింది. ఇంకా గట్టిగా మోగుతోంది.

"ఏంటిది? ఏదో రాసుందే దీని మీద" అని గొణుగుతూ లేచారు. కళ్ళజోడు హాల్లో టీవీ మీద ఉంది. అంతదూరం ఎవరు వెళ్తారని సొరుగు లాగి గలగలా కెలికి పాత కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. అప్పుడు చదవడం మొదలుపెట్టారు, పైకే, స్కూల్లో పాఠం చదివినట్టు.

"ఇంకో... అయిదు... నిమిషాలు కావాలా? ఈరోజే చందాదారులు కండి... ఏంటీ? నిద్రకి చందానా? నా మంచం, నా దుప్పటి, నా కళ్ళు! వీళ్ళ సొమ్మేం పోయిందట? ఏమే! లే! మీవాళ్ళు చేసిన ఘనకార్యం చూడు!"

నేను నిద్ర నటిస్తూ పెదాలు కొరుక్కున్నాను. ఆయన నిబంధనలన్నీ చివరిదాకా చదివారు. ఆరో నిబంధన దగ్గర వాదన పెట్టుకున్నారు, ఫోనుతో. మూడూ నలభై అయ్యేసరికి మనిషి నిప్పులాగా మేలుకుని ఉన్నారు. స్నానం చేసి, టీ కాచుకుని తాగి, నాలుగుంబావుకల్లా డిపోలో ఉన్నారు. కంట్రోలరు గడియారం వంక, ఈయన వంక మార్చి మార్చి చూశాడట.

నాకు పట్టరాని ఆనందం. ఇంట్లో ఒకే మోత! ఆఫీసుకి వెళ్తే మాత్రం తిట్ల వాన. 'ఇన్నాళ్ళూ ఫ్రీగా ఇచ్చి ఇప్పుడిలా గొంతు కోస్తారా?' అని ఒకరు. 'మీ మెసేజ్ చదివి ఒళ్ళు మండి నిద్ర ఎగిరిపోయింది, ఆఫీసుకి గంట ముందొచ్చి కూర్చున్నాను, ఇక్కడ ఇంకా తలుపులు తియ్యలేదు' అని ఇంకొకరు. అందరూ పొద్దున్నే లేచి మరీ తిడుతున్నారు. చందా కట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పానో లేదో, తలుపు దబదబా కొట్టారు. పక్కింటి నర్సు. వాళ్ళ పడగ్గదికీ మాదానికీ మధ్య ఒక్కటే గోడ. ఆవిడ వెనకాల పై ఫ్లోరు హెడ్మాష్టారు, రిటైరయ్యి పదేళ్ళయింది, చేతికర్రతో సహా దిగొచ్చారు.

"వదినా, మీ అలారానికి ఏమొచ్చింది?" అంది నర్సు నడుం మీద చెయ్యి పెట్టి.

"మా అలారం గురించి మీకెందుకు?"

"నాకెందుకా? నేను లేచేదే దాంతో! మీ నాలుగో మోతకి నేను లేవాలి. ఇవాళ ఒక్కసారి మోగి ఊరుకుంది. అలా పడుకుని ఎదురుచూస్తూనే ఉన్నా, ఎప్పుడు నిద్రపట్టేసిందో తెలీదు. అన్నయ్య బస్సు పోయింది. వార్డులో అరగంట లేటు. మా హెడ్ నర్సు నన్ను నమిలి మింగేసింది!"

"ఎనిమిదో మోత నాదమ్మాయ్" అన్నారు హెడ్మాష్టారు గంభీరంగా. "దానికి లేస్తేనే వాకింగుకి వేళవుతుంది. నాలుగేళ్ళ నుంచీ అదే నియమం."

నేను నోరెళ్ళబెట్టాను. మూడిళ్ళు మా ఆయన కునుకు మీద బతుకుతున్నాయన్నమాట! "మీకు ఫోన్లు లేవా? మీరు పెట్టుకోలేరా?" అన్నాను.

"గోడలోంచి ఊరికే వస్తుంటే ఎందుకు పెట్టుకుంటాం?" అంది నర్సు. "ఇన్నాళ్ళూ ఫ్రీగా ఇచ్చి, చెప్పాపెట్టకుండా ఆపేస్తే ఎలా వదినా?"

పొద్దుట్నుంచీ ఈ మాట చదివీ చదివీ ఉన్నానేమో, నా నోటికి అలవాటైన వాక్యం దానంతటదే వచ్చేసింది. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం."

నర్సు నన్ను పైనుంచి కిందికి చూసింది. "చింతించింది చాలుగానీ, రేపట్నుంచి నా అలారం నేనే పెట్టుకుంటాలే" అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. హెడ్మాష్టారు మెట్లెక్కుతూ, "కొత్త వాచీకి సెల్లు వేయించాలి" అని తనలో తనే అనుకోవడం వినిపించింది. మా ఆయన లోపల్నుంచి అంతా విని కడుపు పట్టుకుని నవ్వారు.

ఇక్కడితో కథ అయిపోతే నా అంత తెలివైనది ఇంకొకతి లేదని చెప్పుకుని తిరిగేదాన్ని. కానీ మంగళవారం అనేది ఒకటుంది కదా.

మంగళవారానికి ఆయన కోపం చల్లారిపోయింది. ఆ మెసేజ్‌లో ఏముందో తెలుసు, చదవక్కర్లేదు, కళ్ళజోడక్కర్లేదు. మూడున్నరకి మోగింది. చెయ్యి బయటికొచ్చింది. 'ఆపు' అన్నది నొక్కింది. లోపలికి వెళ్ళిపోయింది. ఇది నేను తర్వాత ఊహించుకున్నది. ఆ వేళకి నేను తొమ్మిదేళ్ళ అప్పు తీర్చుకుంటున్నట్టు హాయిగా నిద్రపోతున్నాను.

నాకు మెలకువ వచ్చింది మోతకి కాదు. గోడ అదురుతోంది. ధన్, ధన్, ధన్. పై నుంచి కూడా కర్రతో పొడుస్తున్నారు, టక్, టక్, టక్. ఆ వెంటనే వీధి తలుపు మీద దెబ్బలు.

"అన్నయ్యా! అన్నయ్యా! నీళ్ళ చప్పుడు లేదు, దగ్గు లేదు, ఆ పాడు కూనిరాగం లేదు! నాలుగూ ఇరవై రెండయింది! బతికే ఉన్నారా?"

నాలుగూ ఇరవై రెండు! డిపోకి నడిస్తే పదిహేను నిమిషాలు. మూడోసారి. షెడ్డు. నీళ్ళ పైపు. ఇదంతా ఎవరి వల్ల? సొరుగులో కార్డు దాచిన మహాతల్లి వల్ల. ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని కుదిపాను. "లేవండి! లేవండి బాబూ! మీకు దణ్ణం పెడతాను!"

తర్వాత పది నిమిషాలు ఏం జరిగిందో నాకే సరిగ్గా గుర్తులేదు. ఆయన ఒక బ్రష్షు నోట్లో పెట్టుకుని ప్యాంటు వెతికారు. నేను చొక్కా తొడిగితే గుండీలు ఒకదానికొకటి తప్పాయి. నర్సు గుమ్మంలో నిలబడి ఆపరేషన్ గదిలో చెప్పినట్టు, "బెల్టు! సాక్సులు! మంచినీళ్ళు!" అని అరుస్తోంది. ఆయన మెట్లు దిగి పరుగు తీశాక చూస్తే, లైసెన్సూ బ్యాడ్జీ ఉన్న పర్సు టీవీ మీదే ఉంది. అది లేకపోతే సంతకం పెట్టనివ్వరు. నైటీ మీద ఆయన రెయిన్‌కోటు తగిలించుకుని, పర్సు పట్టుకుని, నేనూ పరుగు. నా వెనక నర్సు. కింద హెడ్మాష్టారు మఫ్లర్‌తో గేటు బార్లా తెరిచి పట్టుకుని, "పరిగెత్తండి! పరిగెత్తండి! మలుపు దగ్గర కుక్క ఉంది, భయపడకండి!" అని కేకలు.

నేను జీవితంలో అంత పరిగెత్తలేదు. డిపో గేటు దగ్గర ఆయన్ని అందుకుని పర్సు విసిరాను. కంట్రోలరు పెన్ను పట్టుకుని గోడ గడియారం వంకే చూస్తున్నాడు. మా ఆయన సంతకం గీసిన తర్వాత ముల్లు నలభై అయిదు మీదికి వచ్చింది. కంట్రోలరు ముందు ఆ సంతకాన్ని చూశాడు, తర్వాత తప్పుగా పెట్టిన గుండీలు చూశాడు, ఆ తర్వాత రెయిన్‌కోటులో రొప్పుతున్న నన్ను చూశాడు.

"వాన పడుతోందామ్మా బయట?" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

ఇంకేమీ అడగలేదు, పాపం మర్యాదస్తుడు.

ఆ వేషంతో నేనొక్కదాన్నే వెనక్కి నడిచి వెళ్ళడం మా ఆయనకి ఇష్టం లేకపోయింది. "ఎక్కి కూర్చో. ఒక ట్రిప్పు తిరిగొచ్చేసరికి వెలుగొస్తుంది, మన వీధి చివర దింపేస్తా" అన్నారు. అలా తొమ్మిదేళ్ళలో మొదటిసారి మా ఆయన బస్సెక్కాను. డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన నేను, నా పక్కన నర్సు.

మొదటి స్టాపులో ఒకావిడ ఉంది, పెద్ద భవనాలు ఊడ్చే పని. దూరం నుంచే కనపడింది, రోడ్డు వంక చూస్తోంది, చేతి గడియారం వంక చూస్తోంది. బస్సు దీపాలు కనబడగానే చెయ్యి కిందికి దింపేసింది. రెండో స్టాపులో ఇద్దరు, బేకరీ వాళ్ళు. వాళ్ళూ అంతే. మూడో స్టాపులో కాలికి కట్టుతో ఒక పెద్దాయన, డయాలిసిస్‌కి వెళ్తున్నాడట. కూర్చోవడానికి బల్ల కూడా లేదు, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "ఏం డ్రైవరుగారూ, ఇవాళ గుండీ ఒకటి ఎక్కువొచ్చిందా?" అన్నాడు ఎక్కుతూ. బస్సంతా నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. మా ఆఫీసులో అయిదు నిమిషాలంటే ఒక బటన్. తెల్లగోడ మీద ఒక బొమ్మ. మా ఇంట్లో అయిదు నిమిషాలంటే ఒక కునుకు. ఇక్కడ అయిదు నిమిషాలంటే చలిలో ఆ పెద్దాయన ఒంటికాలి మీద నిలబడడం. మా ఆయనకి బస్సు పోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. ప్రతి స్టాపులో ఆయన్ని చూసి ఆ మొహాలు తేటపడడం కూడా పోతుంది. నాకు ఏడుపొచ్చింది. నర్సు చూసి, "ఏంటి వదినా, కడుపులో తిప్పుతోందా?" అని పాలిథిన్ సంచి తీసిచ్చింది.

చివరి స్టాపులో పది నిమిషాలు ఆగుతుంది. అందరూ దిగారు. నర్సు హాస్పిటల్‌కి వెళ్తూ, "రేపు మూడు ముప్పావుకి గోడ కొడతాను అన్నయ్యా, తిరిగి కొట్టకపోయారో, తలుపు బద్దలు కొట్టుకొస్తా" అని వేలు చూపించి మరీ వెళ్ళింది. ఖాళీ బస్సులో మేమిద్దరమే మిగిలాం. ఆయన చొక్కా గుండీలు విప్పి సరిగ్గా పెట్టుకుంటున్నారు.

"ఏమండీ, మీకొకటి చెప్పాలి" అన్నాను. "ఆఫీసులో ఒక కార్డు ఇచ్చారు. మీ ఫోన్‌లో నంబరు కొడితే కునుకు ఎప్పటికీ ఫ్రీ. నేనే మీకివ్వకుండా దాచేశాను. ఇవాళ మీ ఉద్యోగం పోయుంటే నా వల్లే పోయేది."

ఆయన ఆఖరి గుండీ పెట్టుకుని, "పసుపుపచ్చ కార్డేనా?" అన్నారు.

నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"నిన్న కళ్ళజోడు కోసం సొరుగు కెలికితే చేతికి తగిలింది. చదివాను."

"మరి... మరి కొట్టుకోలేదేం నంబరు? నన్నడగలేదేం?"

"ఎలా అడగను?" అన్నారు స్టీరింగు మీద చెయ్యి ఆనించి. "నువ్వంతటిదానివి దాచావంటే ఎంత విసిగిపోయి ఉంటావో అనిపించింది. తొమ్మిదేళ్ళు నా పక్కన పడుకుని ఒక్క రోజు కూడా తిన్నగా నిద్రపోలేదు కదే నువ్వు. అడగడానికి మొహం చెల్లలేదు. ఎక్కడిది అక్కడే పెట్టేశాను."

ఇక ఆపుకోలేక రెయిన్‌కోటు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేశాను. ఆయన కంగారుపడి, "ఊరుకో, ఊరుకో, ఎవరైనా చూస్తే డ్రైవరు కొట్టాడనుకుంటారు" అన్నారు. దాంతో ఏడుస్తూనే నవ్వొచ్చింది.

"రేపట్నుంచి నేనే లేపుతాను మిమ్మల్ని" అన్నాను ముక్కు తుడుచుకుని.

"నువ్వా? పిడుగు పడ్డా లేవని మనిషివి!"

"లేస్తాను. నా ఫోన్‌లో కూడా అలారం పెడతాను. లేచి టీ కూడా పెడతాను. చూడండి."

పెట్టాను. లేచాను కూడా. ఇప్పుడు మా ఇంట్లో మూడూ ముప్పావుకి గోడ మీద మూడు దెబ్బలు పడతాయి, మా ఆయన తిరిగి మూడు కొడతారు. పై నుంచి కర్ర టక్ మంటుంది, ఈయన "లేచాం మాష్టారూ!" అని అరుస్తారు. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. మూడు వారాలు తిట్లు తిని మా కంపెనీ కూడా దిగొచ్చింది. చందాలు రాకపోగా జనం ఆ మెసేజ్ చూడగానే ఒళ్ళు మండి లేచిపోవడం నేర్చుకున్నారు, యాప్ తీసేసేవాళ్ళు తీసేస్తున్నారు. కునుకు బటన్ మళ్ళీ అందరికీ ఫ్రీ అని మా టీమ్ లీడరు ప్రకటించి, అది తన ఆలోచనే అన్నట్టు చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఆ మర్నాడు మూడున్నరకి నా ఫోను మోగింది. బయట చలి. దుప్పటి వెచ్చగా ఉంది. కళ్ళు తెరవకుండానే చెయ్యి బయటపెట్టి తడిమాను. బటన్ అక్కడే ఉంది. ఇంకో అయిదు నిమిషాలు. నొక్కేశాను.

అయిదు నిమిషాలకి మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కాను. మూడోసారి మోగినప్పుడు పక్కన మంచం కిర్రుమంది. ఇప్పుడు తిడతారు, తొమ్మిదేళ్ళకి సరిపడా తిడతారు అనుకుని ఊపిరి బిగబట్టాను. ఆయన నా మీదుగా చెయ్యి చాపి తనే ఆ బటన్ నొక్కి, జారిపోయిన దుప్పటి నా భుజం మీదికి లాగి, చప్పుడు కాకుండా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.